కాటా చెప్పని కబుర్లు: గర్భిణి బరువు చుట్టూ కొన్ని విశేషాలు

నక్షత్రాలు చూసేవాడి లెక్క

ఆస్పత్రిలో పేరు రాయించుకోగానే గర్భిణికి ఎత్తు, బరువు చూస్తారు. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించి బీఎంఐ అనే అంకె వేస్తారు. ఈ లెక్క కనిపెట్టినవాడు డాక్టరు కాదు. బెల్జియం దేశపు ఖగోళ శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే 1830లలో దీన్ని తయారుచేశాడు. జనాభా లెక్కల్లోంచి 'సగటు మనిషి'ని పట్టుకోవాలన్నది ఆయన తపన. ఊబకాయం ఊసే ఆయనకు లేదు. ఆ లెక్కకు బీఎంఐ అన్న పేరు 1972లో అమెరికాలో ఆన్సెల్ కీస్ పెట్టాడు. ఆయన బృందం కొలతలు తీసుకున్నది ఐదు దేశాలకు చెందిన 7 వేల మందికి పైగా మనుషుల నుంచి. వాళ్లంతా మగవాళ్లే. అలాంటి అంకె ఇవాళ ప్రతి గర్భిణి కార్డు మీదా మొదటి వరుసలో కూర్చుంది.

మన గీత కాస్త కిందికి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో బీఎంఐ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. మన దేశపు నిపుణులు 2009లో కూర్చుని ఈ గీతల్ని కిందికి జరిపారు. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. 5 అడుగుల ఎత్తున్న అమ్మాయి 60 కిలోలు ఉందనుకోండి. ఆమె అంకె 26. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాగితం ప్రకారం కొంచెం బరువు, మన కాగితం ప్రకారం ఊబకాయం. ఇంట్లోవాళ్ల కంటికి మాత్రం ఆమె 'ఆరోగ్యంగా, నిండుగా' ఉన్న పిల్ల. బ్రిటన్‌లో కూడా దక్షిణాసియా మూలాలున్నవాళ్ల విషయంలో 30 బదులు 27.5 దగ్గరే జాగ్రత్త పడమని డాక్టర్లకు సూచనలున్నాయి. లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉన్న తెలుగమ్మాయికి మొదటి చెకప్‌లోనే షుగర్ గురించి ఆరా ఎక్కువగా తీస్తే అది వివక్ష అనుకోనక్కర్లేదు.

ఇద్దరు డాక్టర్లు, ఒకే అంకె

గీత ఎందుకు కిందికి జరగాలో చెప్పే ఫొటో ఒకటి వైద్యలోకంలో బాగా ప్రసిద్ధం. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందులో ఇద్దరు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకరు పుణె కేఈఎం ఆస్పత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు లండన్ డాక్టర్ జాన్ యుడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. కాటా ఇద్దరికీ ఒకటే తీర్పు చెప్పింది, లోపలి సంగతి రెండింతలకు పైగా తేడా.

ఈ కథ గర్భంలోనే మొదలవుతుందని యాజ్ఞిక్ బృందం పుణె చుట్టుపక్కల పల్లెల్లో చూపించింది. 1993లో మొదలైన ఆ అధ్యయనంలో తల్లులు బక్కపలచని రైతుకుటుంబాల ఆడవాళ్లు, గర్భానికి ముందు సగటు బరువు 42 కిలోల దాకా. వాళ్లకు పుట్టిన పిల్లలు సగటున 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో పుట్టిన తెల్లవాళ్ల పిల్లలు 3.5 కిలోలు. తల, నడుము, చెయ్యి, ఏది కొలిచినా మన బిడ్డ చిన్నదే. వీపు మీద చర్మాన్ని మడతపెట్టి కొలిస్తే మాత్రం తేడా బాగా తగ్గిపోయింది. అంటే కండ తగ్గింది, కొవ్వు మిగిలింది. 'పలచని ఒంట్లో కొవ్వు' ఉన్న భారతీయ శిశువు అని దీనికి పేరొచ్చింది. ఆ ఆడశిశువు పెరిగి పట్నానికొచ్చి, కూర్చుని చేసే ఉద్యోగంలో చేరి, పాతికేళ్లకు గర్భవతైతే ఏమవుతుంది? ఈ వ్యాసంలో మిగతా సగం ఆ ప్రశ్న చుట్టూనే.

లెక్కలో లేనివాళ్లు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో బీఎంఐ 25 దాటినవాళ్లు దేశం మొత్తం మీద 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. మన గీత 23 పెట్టి లెక్కేస్తే ఇంకా పెరుగుతుంది. విచిత్రమేంటంటే ఈ లెక్కలోంచి గర్భిణుల్నీ, రెండు నెలల లోపు బాలింతల్నీ తీసేస్తారు. కడుపులో బిడ్డ బరువు కలిసి అంకె తప్పుతుంది కాబట్టి అది సబబే. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. లావుగా ఉన్నామె ఒంట్లో రక్తం బాగా ఉంటుందన్నది ఒట్టి భ్రమ. బరువు ఎక్కువ, ఇనుము తక్కువ రెండూ ఒకే మనిషిలో హాయిగా కాపురం చేస్తాయి.

పన్నెండున్నర కిలోలు ఎక్కడికి పోతాయి?

నెలలు నిండేసరికి తల్లి బరువు 12.5 కిలోలు పెరిగితే బిడ్డ వాటా మూడు కిలోల పైచిలుకే. మాయ అర కిలో దాటి ఉంటుంది. ఉమ్మనీరు ముప్పావు కిలో పైన, గర్భసంచి దాదాపు కిలో. పెరిగిన రక్తం కిలో పైన, కణాల మధ్య చేరే నీరు కిలోన్నర, రొమ్ముల్లో పెరుగుదల అర కిలోలోపు. మిగిలిన మూడు కిలోలకు పైగా తల్లి దాచుకున్న కొవ్వు. పాలిచ్చే రోజుల కోసం ఒళ్లు వేసుకునే పొదుపు అది. ఆ పొదుపు ముందే నిండుగా ఉన్నామెకు మళ్లీ అంత చేర్చుకోవాల్సిన అవసరం లేదు. అందుకే అమెరికా వైద్య సంస్థ 2009లో ఇచ్చిన సూచనల్లో అందరికీ ఒకే అంకె లేదు. బక్కగా ఉన్నామె 12.5 నుంచి 18 కిలోలు, మామూలు బరువున్నామె 11.5 నుంచి 16, అధిక బరువున్నామె 7 నుంచి 11.5, ఊబకాయమున్నామె 5 నుంచి 9 కిలోలు పెరగొచ్చు. ఇవి ఆ దేశపు ఒంటికి కుట్టిన కొలతలు. మన డాక్టర్లు వీటిని చూస్తూనే ఒకింత తగ్గించి చెబుతుంటారు.

ఇద్దరి తిండి

'ఇప్పుడు నువ్వు ఇద్దరి కోసం తినాలమ్మా' అనని అత్తగారు, అమ్మ, పక్కింటి పిన్ని ఉండరు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసింది 350 కేలరీలు. రెండు ఇడ్లీలు, గ్లాసు పాలు, ఒక అరటిపండు. అంతే, రెండో మనిషి భోజనం అయిపోయింది. మాంసకృత్తులు మాత్రం బాగానే పెరగాలి: నాలుగో నెల నుంచి రోజుకు 9.5 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు అదనం. అన్నం రెట్టింపు చేసి పప్పు అంతే ఉంచితే ఈ లెక్క తేలదు. సీమంతంలో ఒడిలో పెట్టే చలిమిడి మీద నాకేం కోపం లేదు, బియ్యప్పిండి, బెల్లం ఒక్కరోజు ముచ్చట. ఆ తర్వాత నెలల తరబడి చుట్టాలు మోసుకొచ్చే స్వీటు పెట్టెలే అసలు చిక్కు.

ఈ పోషకాహార సంస్థకూ ఓ వలస కథ ఉంది. 1918లో తమిళనాట కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద చిన్న పరిశోధనగా మొదలుపెట్టాడు. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. తిండి చాలక వచ్చే జబ్బుతో పుట్టిన సంస్థ ఇప్పుడు తిండి ఎక్కువై వచ్చే జబ్బుల గురించీ హెచ్చరించాల్సొస్తోంది.

కడుపు మాడ్చిన డాక్టర్లు

ఇప్పుడు తినమంటున్నారు గానీ, ఒకప్పుడు డాక్టర్లే గర్భిణుల్ని కడుపు మాడ్చారు. 1889లో జర్మనీలోని హాంబర్గ్‌లో లుడ్విగ్ ప్రోఖోవ్నిక్ అనే డాక్టర్ చివరి వారాల్లో నీళ్లు, పిండిపదార్థాలు బాగా తగ్గించే పథ్యం పెట్టాడు. ఆయన బాధ ఆయనది. అప్పట్లో ఎముకలు వంగిపోయి కటి ఇరుకైన ఆడవాళ్లు చాలామంది. సిజేరియన్ అంటే ప్రాణాల మీదికి వచ్చే పని. బిడ్డ చిన్నగా ఉంటే తల్లి బతికి బయటపడుతుందని ఆశ. ఆ అవసరం తీరిపోయాక కూడా అలవాటు పోలేదు. 20వ శతాబ్దం మధ్య దాకా అమెరికా డాక్టర్లు తొమ్మిది కిలోలు మించకూడదని గర్భిణుల్ని గద్దించేవారు, బీపీ పెరగకుండా ఆపొచ్చన్న నమ్మకంతో. 1950, 60లలో ఆకలి చావడానికి యాంఫెటమిన్ మాత్రలు రాసిచ్చిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడవి మాదకద్రవ్యాల జాబితాలో ఉన్నాయి. 1970లో అక్కడి జాతీయ పరిశోధన మండలి నివేదిక వచ్చి, తల్లిని ఎండగడితే బిడ్డ బరువు తగ్గుతుందని చెప్పాకే ఈ గద్దింపు సడలింది.

నూట నలభై

మాయ బిడ్డకు తిండి అందించే దారే కాదు, హార్మోన్ల కార్ఖానా కూడా. ఆరో నెలకల్లా అది వదిలే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ను మొద్దుబారుస్తాయి. బిడ్డకు గ్లూకోజు కాస్త ఎక్కువసేపు దొరకాలని ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. మామూలుగా తల్లి క్లోమం ఇంకొంచెం కష్టపడి సర్దుకుంటుంది. కొవ్వు ఎక్కువున్న ఒంట్లో ఇన్సులిన్ ముందే మొద్దుబారి ఉంటుంది కాబట్టి సర్దుకోలేక చేతులెత్తేస్తుంది. గర్భిణుల్లో వచ్చే షుగర్ అంటే ఇదే.

తల్లి రక్తంలో గ్లూకోజు మాయ దాటుతుంది, ఇన్సులిన్ దాటదు. ఆ తీపిని అరాయించుకోవడానికి బిడ్డ తన క్లోమంతోనే ఇన్సులిన్ చేసుకుంటుంది. ఇన్సులిన్ ఒళ్లు పెంచే హార్మోన్ కూడా, అందుకే బిడ్డ బొద్దుగా పెరుగుతుంది. డెన్మార్క్ డాక్టర్ యోర్గెన్ పెడర్సన్ 1950లలో చెప్పిన ఈ వివరణ ఇప్పటికీ నిలబడే ఉంది. పుట్టగానే బొడ్డుతాడు కోస్తే తీపి సరఫరా ఆగిపోతుంది, ఇన్సులిన్ మాత్రం ఊరుతూనే ఉంటుంది. అందుకే నాలుగు కిలోల బిడ్డను చూసి ఇంట్లో అందరూ మురిసిపోతుంటే, నర్సు ఆ బిడ్డ మడమ గుచ్చి షుగర్ పడిపోయిందేమోనని చూస్తూ ఉంటుంది.

దీన్ని పట్టే పరీక్ష మన దేశంలో చాలా తేలిక. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగి, రెండు గంటలయ్యాక రక్తం ఇవ్వాలి. 140 మిల్లీగ్రాములు లేదా అంతకు పైన ఉంటే గర్భిణి షుగర్ ఉన్నట్టే. పరగడుపున రానక్కర్లేదు. ఎక్కడో పల్లె నుంచి బస్సెక్కి వచ్చే గర్భిణిని ఏమీ తినకుండా రమ్మనడం, తిని వచ్చిందని తిప్పి పంపడం, ఆమె మళ్లీ రాకపోవడం చూసి విసిగి చెన్నై డాక్టర్ వి. శేషయ్య ఈ పద్ధతి కోసం పోరాడారు. కేంద్ర ప్రభుత్వం దీన్నే తన విధానంగా తీసుకుంది: మొదటిసారి ఆస్పత్రికి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి. శేషయ్య పుట్టినరోజు మార్చి 10ని గర్భిణుల షుగర్ మీద అవగాహన దినంగా జరుపుతున్నారు. పరగడుపు పరీక్షే కచ్చితమని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా మాట అడిగితే, జరగని కచ్చితమైన పరీక్ష కంటే జరిగే తేలికైన పరీక్ష నయం.

140 దగ్గర గోడ కట్టినట్టు ప్రమాదం మొదలవుతుందా? లేదు. 9 దేశాల్లో 25 వేల మందికి పైగా గర్భిణులతో చేసి 2008లో వెలువరించిన హాపో అధ్యయనం, షుగర్ కొంచెం కొంచెం పెరిగేకొద్దీ బిడ్డ బరువు, సిజేరియన్ అవకాశం కూడా కొంచెం కొంచెంగానే పెరుగుతాయని తేల్చింది. 138 వచ్చిందని గులాబ్‌జామూన్ తినెయ్యొచ్చని కాదన్నమాట.

పది కిలోల బిడ్డ

ఇప్పటిదాకా నమోదైన వాటిలో అతి బరువైన బిడ్డ 1879 జనవరిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టింది. బరువు దాదాపు 10 కిలోలు. తల్లి ఆనా స్వాన్, కెనడాలోని నోవా స్కోషియాకు చెందినామె, ఏడడుగులకు ఎంతో పైన ఎత్తుండే మనిషి. భర్తా దాదాపు అంతే. బిడ్డ 11 గంటలు మాత్రమే బతికింది.

ఆనాది ఎత్తు, మనం మాట్లాడుకుంటున్నది షుగర్. అయినా చిక్కు ఒకటే: తల బయటికొచ్చి భుజాలు ఇరుక్కోవడం. షుగర్ ఉన్న తల్లి బిడ్డకు కొవ్వు భుజాల దగ్గర, ఛాతీ దగ్గర చేరుతుంది కాబట్టి తల తేలిగ్గా వచ్చినా భుజాలు రావు. అప్పుడు డాక్టర్లకున్నది కొద్ది నిమిషాలే. తల్లి మోకాళ్లను పొట్ట మీదికి బాగా మడిచే పద్ధతి అన్నిచోట్లా ఉంది. ఇంకోటి తల్లిని చేతులు, మోకాళ్ల మీద వంచడం. అమెరికా మంత్రసాని ఇనా మే గాస్కిన్ పేరుతో పుస్తకాల్లోకెక్కిన ఈ పద్ధతిని ఆమె 1970లలో మధ్య అమెరికాలోని గ్వాటెమాలా ఆదివాసీ మంత్రసానుల పద్ధతి నుంచి నేర్చుకుంది. పేరు మాత్రం ఆమెదే నిలిచింది.

పట్టీ చిన్నదైతే బీపీ పెద్దది

లావు చేతికి చిన్న పట్టీ చుట్టి బీపీ చూస్తే లేని బీపీ ఉన్నట్టు కనబడుతుంది. 1896లో ఇటలీలో రివా-రోచీ తయారుచేసిన మొదటి పట్టీ మరీ ఇరుకు, సుమారు 5 సెంటీమీటర్లు. 1901లో ఫన్ రెక్లింగ్‌హౌజన్ దాన్ని వెడల్పు చేస్తేనే లెక్క సరిపడింది. ఈ సంగతి తెలిసి నూటపాతికేళ్లవుతున్నా, పెద్ద పట్టీ దొరకని ఓపీ గదులు కొల్లలు. కాస్త లావుగా ఉన్న గర్భిణులు 'నా చేతికి పెద్ద పట్టీ వెయ్యండమ్మా' అని అడగడంలో తప్పేమీ లేదు.

అడగాల్సిన కారణం పెద్దదే. గర్భిణుల్లో బీపీ పెరిగి, మూత్రంలో మాంసకృత్తులు పోయి, ముదిరితే ఫిట్స్ దాకా వెళ్లే జబ్బుంది. ఆ ఫిట్స్‌నే మన పల్లెల్లో గుర్రపు వాతం అంటారు. బీఎంఐ ఐదు నుంచి ఏడు పెరిగిన ప్రతిసారీ ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుందని అనేక అధ్యయనాలు కలిపి చూసినవాళ్లు లెక్కగట్టారు. ఇది రాకుండా ఆపడానికి ఇప్పుడున్న మందుల్లో చవకైంది తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్. ముప్పు ఎక్కువున్నవాళ్లకు మూడు నెలలు నిండే సమయానికే మొదలుపెట్టి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇస్తే, నెలలు నిండకముందే వచ్చే రకం 62 శాతం తగ్గిందని 2017లో వెలువడిన ఆస్ప్రే పరీక్షలో తేలింది. ఏడో నెలలో కాళ్లు వాచాక మొదలుపెడితే ఆ ఫలితం ఉండదు. ఎవరికి, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. మెడికల్ షాపులో కొనుక్కుని మింగే వ్యవహారం కాదు.

టిఫా స్కాన్ మసకబారితే

1958లో గ్లాస్గో డాక్టర్ ఇయాన్ డొనాల్డ్ లోహపు పనుల్లో పగుళ్లు పట్టే యంత్రం నుంచి స్ఫూర్తి పొంది, పొట్ట మీద ధ్వని తరంగాలు పంపి బొమ్మ తీసే పద్ధతిని లాన్సెట్‌లో ప్రకటించాడు. ఆపరేషన్‌కు లొంగని క్యాన్సర్ అనుకుని ఆశ వదిలేసిన ఒకామె పొట్టలో ఉన్నది ఒట్టి అండాశయపు నీటితిత్తి అని ఆ యంత్రం చూపించింది. తీసేశారు, బతికింది. అదే ధ్వని తరంగాలకు ఇష్టం లేనిది కొవ్వు పొర. పొర మందం పెరిగేకొద్దీ తరంగం లోపలికి వెళ్లేలోపే నీరసిస్తుంది. అందుకే 18-20 వారాల టిఫా స్కాన్‌లో బిడ్డ గుండె, వెన్ను సరిగా కనబడక 'రెండు వారాలాగి మళ్లీ రండి' అంటారు. లావుగా ఉన్న తల్లులకు ఆ మాట ఎక్కువసార్లు వినబడుతుంది. డబ్బు గుంజే ఎత్తు అని వెంటనే తేల్చెయ్యకండి, కొన్నిసార్లు అది భౌతికశాస్త్రం.

తప్పు లావుదేనా?

బరువు పెరిగేకొద్దీ సిజేరియన్ అవకాశం పెరుగుతుంది, నొప్పులు నెమ్మదిగా సాగుతాయి, కుట్లు చీము పట్టే ముప్పు ఎక్కువ, మత్తు డాక్టరుకు వెన్నులో సూది దించడం కష్టం. ఇవన్నీ నిజాలే. అయితే ఇందాక చెప్పుకున్న కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఇంకో రెండు అంకెలున్నాయి. తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, దేశంలో మొదటి స్థానం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. బరువైన ఆడవాళ్లు ఎక్కువున్నది మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో. లావే కారణమైతే ఈ అంకెలు తిరగబడి ఉండాలి. ప్రైవేటు ఆస్పత్రుల లెక్క విడిగా చూస్తే తెలంగాణలో 81.5, ఆంధ్రప్రదేశ్‌లో 63. ముహూర్తాలు, నొప్పుల భయం, డాక్టరు తీరిక, బిల్లు అన్నీ కలిసిన అంకె ఇది. దాన్ని గర్భిణి ఒంటి మీద మొత్తంగా రుద్దడం అన్యాయం.

గడ్డకట్టే రక్తం

ప్రసవంలో రక్తం ఎక్కువ పోకుండా గర్భంలోనే రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. దాంతో కాళ్ల సిరల్లో గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు వెళ్లే ముప్పు మామూలు మనిషి కంటే నాలుగైదు రెట్లు. ఊబకాయం దాన్ని ఇంకా పెంచుతుంది. బ్రిటన్‌లో గర్భంలోనూ, కాన్పయ్యాక ఆరు వారాల్లోనూ జరిగే ప్రత్యక్ష మాతృమరణాలకు మొదటి కారణం ఇదే. అక్కడ నాలుగు గంటలు మించిన విమాన ప్రయాణానికి గర్భిణులను బిగుతు మేజోళ్లు వేసుకోమంటారు. డాలస్ నుంచి పురిటికి హైదరాబాద్ వచ్చే అమ్మాయిలకు పనికొచ్చే మాట. బాలింతను మంచం దిగనివ్వని ఇళ్లకూ పనికొస్తుంది: సిజేరియన్ అయినా సరే, డాక్టరు లేవమన్న పూటే లేచి నాలుగడుగులు వెయ్యాలి.

ఒకే తల్లి, ముందు పుట్టినవాడు, తర్వాత పుట్టినవాడు

తల్లి లావైతే పిల్లలూ లావవడం జన్యువులదా, గర్భందా? తేల్చడం చాలా కష్టం. రెండు చోట్ల మాత్రం సహజంగానే ఒక పరీక్ష కుదిరింది.

మొదటిది అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో, గీలా నది ఒడ్డున ఉండే పీమా ఆదివాసులది. తరతరాలుగా కాలవలు తవ్వుకుని పంటలు పండించిన రైతులు వాళ్లు. 19వ శతాబ్దం చివర్లో ఎగువన వలసదారులు నది నీళ్లు మళ్లించుకోవడంతో పొలాలు ఎండిపోయాయి. ప్రభుత్వం రేషన్‌గా మైదా, పందికొవ్వు ఇచ్చింది. ప్రపంచంలోనే అత్యధిక షుగర్ ఉన్న సమూహాల్లో ఒకటిగా మారారు. సరిహద్దు అవతల మెక్సికో కొండల్లో వ్యవసాయం చేసుకుంటున్న వాళ్ల దాయాదుల్లో షుగర్ చాలా తక్కువ. 1965 నుంచి అమెరికా ప్రభుత్వ పరిశోధకులు పీమా కుటుంబాలను గమనిస్తూ వచ్చారు. తల్లికి షుగర్ రాకముందు పుట్టిన బిడ్డనూ, వచ్చాక పుట్టిన బిడ్డనూ పక్కపక్కన పెట్టి 2000లో ఫలితం చెప్పారు. అదే అమ్మ, అదే నాన్న, అదే ఇల్లు. షుగర్ వచ్చాక పుట్టినవాళ్ల బీఎంఐ ఎక్కువ, షుగర్ వచ్చే అవకాశం దాదాపు నాలుగింతలు.

రెండోది కెనడాలోని క్యుబెక్‌లో. తీవ్ర ఊబకాయానికి పేగుల ఆపరేషన్ చేయించుకుని బాగా బరువు తగ్గిన తల్లుల పిల్లల్ని చూశారు. ఆపరేషన్‌కు ముందు పుట్టినవాళ్లతో పోలిస్తే తర్వాత పుట్టిన వాళ్లలో ఊబకాయం దాదాపు సగానికి తగ్గిందని 2006లో ప్రకటించారు. పీమా కథను వెనక్కి తిప్పినట్టు.

అలాగని తల్లిని పస్తు పెట్టడం మందు కాదు. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం దిగ్బంధంతో నెదర్లాండ్స్‌లో కరువొచ్చింది. గర్భవాసంలో తొలి సగం ఆ నెలల్లో గడిపిన మగపిల్లల్లో, 19 ఏళ్లకు సైన్యంలో చేరే వేళ ఊబకాయం ఎక్కువగా కనబడింది. కడుపులో ఆకలి, బయట సమృద్ధి: పుణె పల్లెల కథతో దీనికి చుట్టరికముంది.

వారానికో సూది

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికొచ్చాయి. ఈ బరువు తగ్గించే సూదుల గురించి పెళ్లీడు అమ్మాయిలు తెలుసుకోవలసినవి మూడు. వెగోవీలో ఉన్న మందు ఒంట్లోంచి పోవడానికి వారాలు పడుతుంది కాబట్టి, బిడ్డను కోరుకునేవాళ్లు కనీసం రెండు నెలల ముందే ఆపాలి. మౌంజారో మొదలుపెట్టినప్పుడూ, మోతాదు పెంచినప్పుడూ నాలుగు వారాల పాటు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచెయ్యకపోవచ్చు. మూడోది సరదాగా అనిపించినా ముఖ్యం: పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉండి ఏళ్ల తరబడి నెలసరి గాడి తప్పినవాళ్లకు ఐదు నుంచి పది శాతం బరువు తగ్గినా అండం విడుదల మళ్లీ మొదలవ్వొచ్చు. 'నాకెలాగూ రాదులే' అనుకున్న గర్భం వచ్చేస్తుంది.

ఆలస్యమైన పథ్యం

గర్భం వచ్చాక మొదలుపెట్టే పథ్యాలు ఎంత పనిచేస్తాయి? బ్రిటన్‌లో ఊబకాయమున్న 1,555 మంది గర్భిణులకు తిండి, నడక మీద వారంవారం శిక్షణ ఇచ్చి చూశారు. 2015లో వచ్చిన ఫలితం: బరువు కాస్త తక్కువ పెరిగారు, షుగర్ వచ్చినవాళ్లూ పెద్ద బిడ్డలూ మాత్రం తగ్గలేదు. అందుకే జాగ్రత్త మొదలవ్వాల్సింది గర్భ పరీక్ష కిట్ మీద రెండో గీత కనబడ్డాక కాదు, పెళ్లి కుదిరినప్పుడో, రెండో బిడ్డ ఆలోచన వచ్చినప్పుడో. వెన్ను లోపాలను అడ్డుకునే ఫోలిక్ యాసిడ్ సంగతీ అంతే. బీఎంఐ 30 దాటినవాళ్లకు బ్రిటన్‌లో మామూలు మోతాదు కంటే ఎంతో ఎక్కువగా, రోజుకు 5 మిల్లీగ్రాములు ఇచ్చేవారు, అదీ గర్భానికి కనీసం నెల ముందు నుంచి.

పాలు పడలేదని

ప్రసవమయ్యాక రెండు మూడు రోజులకు పాలు నిండుగా పడాలి. ఊబకాయమున్న తల్లుల్లో ఇది ఆలస్యమవుతుంది. బిడ్డ చీకినప్పుడు పెరగవలసిన ప్రొలాక్టిన్ హార్మోన్ తొలి వారంలో వాళ్లలో తక్కువగా స్పందిస్తోందని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో చూపారు. ఇంత మనిషికి పాలు లేవేంటని బంధువులు ముక్కున వేలేసుకునేది, డబ్బాపాలు వచ్చి చేరేది ఆ రోజుల్లోనే. ముర్రుపాలతోనే గడుపుతూ బిడ్డను మళ్లీ మళ్లీ రొమ్ముకు పట్టించడమే దారి, ఓ రెండ్రోజులు ఆలస్యంగా పడతాయి, అంతే.

ఆరో వారం

గర్భంలో షుగర్ వచ్చి కాన్పుతో పోయినవాళ్లకు మున్ముందు శాశ్వతంగా షుగర్ వచ్చే ముప్పు రానివాళ్ల కంటే ఏడు నుంచి పది రెట్లు. అందుకే ప్రసవమైన ఆరు వారాలకు మళ్లీ ఆ 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చెయ్యాలని ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది. అప్పటికి అమ్మాయి పుట్టింట్లో ఉంటుంది, కాన్పు చేసిన ఆస్పత్రి ఇంకో ఊళ్లో. ఆమె పరీక్ష సంగతి ఎవరికీ గుర్తుండదు. కానీ సరిగ్గా ఆ ఆరో వారంలోనే బిడ్డకు టీకాలు. ఆ తేదీని మాత్రం అమ్మమ్మ క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టి ఉంచుతుంది. బిడ్డను తీసుకుని ఎలాగూ ఆస్పత్రికి వెళ్తారు కాబట్టి, అదే పూట అక్కడే తల్లికీ గ్లూకోజు తాగించి రక్తం ఇప్పించొచ్చు.